టామ్‌క్యాట్ 8.5 నుంచి 10.1కి పాత జావా అప్లికేషన్‌ను మార్చడం ఎలా?

విశాఖ హార్బర్ దగ్గర సరుకు క్లియరింగ్ చేసే ఒక ఆఫీసు అనుకుందాం. లారీల గేట్ పాసులు, డ్రైవర్ల వివరాలు, బిల్లులు అన్నీ ఒకే వెబ్ అప్లికేషన్‌లో ఉన్నాయి. అది జావా 8 మీద, టామ్‌క్యాట్ 8.5లో (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఏళ్ల తరబడి నడుస్తోంది. నడుస్తోంది కదా, ఎందుకు కదపడం అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 8.5కి దాన్ని తయారుచేసే అపాచీ వాళ్లు 2024 మార్చి 31తో సపోర్ట్ ఆపేశారు. ఆ తర్వాత ఏ భద్రతా లోపం బయటపడినా ఆ వెర్షన్‌కి ప్యాచ్ రాదు. కాబట్టి మారాల్సిందే.

అయితే జావా వెర్షన్, టామ్‌క్యాట్, మెషీన్ మూడింటినీ ఒకే రాత్రి మార్చకండి. మూడూ మార్చాక ఏదైనా పేజీ తెరుచుకోకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నరకం. ఒకటి మార్చండి, కొన్నాళ్లు నడవనివ్వండి, తర్వాత ఇంకొకటి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ ఒక్కటీ పాటించండి.

1. పాత సర్వర్‌లో ఏముందో రాసుకోండి

అప్లికేషన్ అంటే వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తాన్ని కట్టిపెట్టిన ప్యాకేజీ) ఒక్కటే కాదు. టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన డేటాబేస్ డ్రైవర్ ఉంటుంది. కాన్ఫ్ ఫోల్డర్‌లో డేటాబేస్ కనెక్షన్, పాస్‌వర్డ్ ఉంటాయి. మెమొరీ సెట్టింగులు సెట్‌ఎన్వ్ ఫైల్‌లో ఉంటాయి. స్కాన్ చేసిన ఇన్‌వాయిస్‌లు ఏ ఫోల్డర్‌లో పడుతున్నాయో, రాత్రిపూట వాటంతటవే నడిచే పనులు ఏమున్నాయో కూడా చూడండి. అన్నీ ఒక కాగితం మీద పెట్టాకే ముందుకు వెళ్లండి.

2. ముందు టామ్‌క్యాట్ 9, ఆ తర్వాత జావా 17

8.5 నుంచి 9కి వెళ్లడం పెద్ద కష్టం కాదు. టామ్‌క్యాట్ ముందు అపాచీ వెబ్ సర్వర్ పెట్టుకుని, ఆ రెండింటినీ కలిపే ఏజేపీ కనెక్టర్ వాడుతున్నవాళ్లు మాత్రం జాగ్రత్త. 2020లో బయటపడిన ఘోస్ట్‌క్యాట్ లోపం తర్వాత ఆ కనెక్టర్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. తప్పదనుకుంటే సీక్రెట్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య పదం) పెట్టి ఆన్ చేసుకోవాలి.

ఇది కుదురుకున్నాక జావా 17కి వెళ్లండి. ఎక్స్‌ఎంఎల్ చదివే జాక్స్‌బీని జావా 11లోనే తీసేశారు. దాన్ని విడి లైబ్రరీగా (డిపెండెన్సీగా) కలుపుకోవాలి. పాత లైబ్రరీలు కొన్ని 17లో మొరాయిస్తాయి. వాటి కొత్త వెర్షన్లు పెట్టండి.

3. జావాఎక్స్ నుంచి జకార్తాకి

10.1కి వెళ్లడంలో అసలు పని ఇదే. సర్వర్ అప్లికేషన్ల కోసం ఉన్న జావా ప్రమాణాల సముదాయం జావా ఈఈని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగిస్తున్నట్టు ప్రకటించింది. కానీ జావా పేరు మీది ట్రేడ్‌మార్క్ హక్కులు తనే ఉంచుకుంది. దాంతో 2020 డిసెంబర్‌లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీల పేర్లు మారిపోయాయి. జావాఎక్స్.సర్వ్‌లెట్ కాస్తా జకార్తా.సర్వ్‌లెట్ అయింది. టామ్‌క్యాట్ 10 నుంచి సర్వర్‌కి కొత్త పేరు మాత్రమే తెలుసు.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టేది ఒకటుంది. పాత పేర్లతో ఉన్న అప్లికేషన్‌ను 10.1లో పెడితే ప్రతిసారీ ఎర్రర్ రాదు. సర్వ్‌లెట్లను (పేజీ అడిగినప్పుడు జవాబిచ్చే కోడ్) వెబ్.ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్‌లో కాకుండా కోడ్‌లోనే పెట్టే గుర్తులతో, అంటే యానొటేషన్లతో రాసి ఉంటే, సర్వర్ హాయిగా స్టార్ట్ అవుతుంది, లాగ్ శుభ్రంగా ఉంటుంది, ఏ పేజీ తెరిచినా 404 (పేజీ దొరకలేదు) వస్తుంది. పాత యానొటేషన్‌ను సర్వర్ గుర్తించలేదు, అందుకే దాని గురించి ఏమీ చెప్పలేదు. స్ప్రింగ్ 5 అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన అప్లికేషన్ కూడా ఇలాగే మౌనంగా ఉండిపోవచ్చు. లాగ్‌లో ఏమీ లేదు కాబట్టి యూఆర్‌ఎల్ తప్పేమో అని గంటలు గంటలు వెతక్కండి. ముందు కోడ్‌లోని ఇంపోర్ట్ లైన్లలో పాత జావాఎక్స్ పేర్లు ఉన్నాయేమో చూడండి.

అలాగని జావాఎక్స్ అని కనిపించిన ప్రతిచోటా గుడ్డిగా జకార్తా అని మార్చేయకూడదు. జావాఎక్స్.ఎస్‌క్యూఎల్, జావాఎక్స్.నేమింగ్, జావాఎక్స్.క్రిప్టో జావాలోనే భాగం. వాటి పేర్లు మారలేదు. సర్వ్‌లెట్, పర్సిస్టెన్స్, వ్యాలిడేషన్, మెయిల్ లాంటివే మారాయి. లైబ్రరీలు కూడా వాటితోపాటే కదలాలి: స్ప్రింగ్ 6, డేటాబేస్ పని చూసే హైబర్నేట్ 6.

సోర్స్ కోడ్ చేతిలో లేకపోతే? అపాచీ వాళ్లే ఒక మైగ్రేషన్ టూల్ ఇచ్చారు. వార్ ఫైల్ ఇస్తే పేర్లు మార్చిన కొత్త వార్ ఇస్తుంది. కోడ్ ఉన్నవాళ్లు మాత్రం కోడ్‌లోనే మార్చుకోవడం మంచిది. లేదంటే వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ ఆ టూల్ మీద ఆధారపడాలి.

4. తెలుగు అక్షరాలు, గడియారం

టెస్టింగ్‌లో ఇంగ్లిష్ పేర్లు మాత్రమే టైప్ చేసి సరిపెట్టుకోవద్దు. డ్రైవర్ పేరు దగ్గర ‘కృష్ణమూర్తి’ అని కొట్టండి, సేవ్ చేయండి, వెతకండి, గేట్ పాస్ పీడీఎఫ్ తీయండి, ఎక్సెల్‌కి పంపండి. ఎక్కడైనా ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తే ఆ అక్షరాలు దారిలోనే పోయినట్టు, ఇక వెనక్కి రావు. లాటిన్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ కలిసి కనిపిస్తే డేటా చాలావరకు క్షేమమే, చదివేచోట ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి) తప్పింది.

కొత్త లినక్స్ మెషీన్‌లో ఇది ఎక్కువగా దెబ్బతీస్తుంది. జావా 17 వరకు డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) నుంచే తీసుకుంటారు. 18 నుంచే అది తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 అయింది. పాత మెషీన్‌లో లొకేల్ సరిగ్గా ఉండటం వల్ల ఇన్నాళ్లూ నడిచిపోయి ఉండొచ్చు. కొత్తదాంట్లో లొకేల్‌తోపాటు జావాకి ఇచ్చే ఫైల్.ఎన్‌కోడింగ్ సెట్టింగ్ కూడా యూటీఎఫ్-8 అని స్పష్టంగా పెట్టండి.

టైమ్ జోన్ కూడా అంతే. కొత్త క్లౌడ్ మెషీన్లు తరచుగా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. మెషీన్ యూటీసీలోనే ఉండిపోతే అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున ఐదున్నరలోపు వచ్చిన లారీల గేట్ పాసుల మీద నిన్నటి తేదీ పడుతుంది. సరిగ్గా రాత్రి ఒంటిగంటకి ఒక పాస్ తీసి చూస్తే తెలిసిపోతుంది.

5. మార్చే రోజు

హార్బర్ పనికి అర్ధరాత్రి ఖాళీ సమయం అనుకోకండి, లారీలు రాత్రే ఎక్కువ రావచ్చు. పాత సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచి ఏ గంటలో రద్దీ తక్కువో చూసుకోండి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ లేక విశాఖ ఎలా అయిపోయిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. వాయుగుండం వార్తలున్న వారంలో ఈ పని పెట్టుకోవద్దు.

టామ్‌క్యాట్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్లకి పంపే సాఫ్ట్‌వేర్) ఉంటే మార్పు తేలిక. ట్రాఫిక్‌ను కొత్త సర్వర్‌కి మళ్లిస్తే చాలు, తేడా వస్తే పాతదానికి తిప్పేయొచ్చు. అలా తిప్పగలగాలంటే అదే రోజు డేటాబేస్ టేబుళ్లను మార్చకూడదు. రాత్రిపూట వాటంతటవే నడిచే పనులు ఒక్క సర్వర్‌లోనే ఆన్‌లో ఉండాలి, లేదంటే కస్టమర్లకి ఒకే ఎస్సెమ్మెస్ రెండేసిసార్లు వెళ్తుంది. లాగిన్ అయి ఉన్నవాళ్ల సెషన్లు పోతాయి కాబట్టి గేటు దగ్గరి సిబ్బందికి ముందే ఫోన్ చేసి, మళ్లీ లాగిన్ కావాలని చెప్పండి. తెలియకపోతే టెన్షన్ అంతా వాళ్లదే.

నెలాఖరు బిల్లింగ్ రిపోర్టు కొత్త సర్వర్‌లో ఒకసారి సరిగ్గా వచ్చేదాకా పాత మెషీన్‌ను తీసేయకండి. తీసేముందు దాని కాన్ఫ్, లిబ్ ఫోల్డర్లు, లాగ్‌లు కాపీ చేసి పెట్టుకోండి.