పాత ఫ్రిజ్జికి స్టీలు లుక్ ఇద్దామనుకుంటున్నారా, పండగ ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

దసరా దగ్గరకొచ్చిందంటే మా విజయనగరంలో ప్రతి ఇంట్లోనూ సర్దుడు మొదలైపోద్ది, దసరా అయ్యాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర కదా, పల్లెల నించి చుట్టాలు దిగుతారు, ఆడవాళ్ళంతా నేరుగా వంటింట్లోకే వస్తారు, అక్కడ పసుపెక్కిపోయిన పాత ఫ్రిజ్జి కనిపిస్తే మనకే ఏదోలా ఉంటుంది. కొత్తది కొనాలంటే వేలల్లో మాట. అందుకే ఈమధ్య చాలామంది సన్నటి స్టీలు గీతలున్న వినైల్ (ఒకరకం ప్లాస్టిక్) స్టిక్కరు రోలు తెచ్చి అంటించేస్తున్నారు, కొందరు సిల్వర్ స్ప్రే కొడుతున్నారు. చెయ్యండి, తప్పేం లేదు, నాకు రోలు, బ్లేడు, స్పిరిటు అన్నీ కలిపి 700 లోపే అయింది, చూట్టానికి బావుంది కూడా. షోరూంలో స్టీలు ఫినిష్ అని అమ్మే ఫ్రిజ్జిల్లో కూడా చాలావాటికి ఉండేది మామూలు రేకు మీద పూతో ఫిల్మో మాత్రమే. కాకపోతే దాని వెనక కరెంటుంది, గ్యాసుంది, వేడుంది, అవి చూసుకోకుండా పండగ హడావుడిలో చెయ్యొద్దు అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు వేడి సంగతి. మా అత్తగారి ఫ్రిజ్జికి నిరుడు నేను తలుపు, రెండు పక్కలు, పైభాగం అన్నీ కప్పేశాను. మొదటి రెండ్రోజులు అద్దంలా ఉంది. నాలుగో రోజు పొద్దున్న చూస్తే కుడిపక్క మొత్తం బొబ్బలు, అంచు దగ్గర జిగురు కరిగి బెల్లం పాకంలా తీగలు తీగలుగా కిందకి దిగి ఉంది, వేలు పెడితే వెచ్చగా అంటుకుంది. అప్పుడు మెకానిక్ ని అడిగితే చెప్పాడు, లోపల లాగిన వేడిని ఫ్రిజ్జి బయటకి వదలాలి, బాగా పాత సింగిల్ డోర్ వాటికి ఆ నల్లటి జాలీ గొట్టాలు వెనకాల కనిపిస్తూ ఉంటాయి, చాలా మోడళ్ళలో అవి పక్క గోడల రేకు లోపలే ఉంటాయి, అందుకే పక్కలు వేడెక్కుతాయి అని. పల్చటి స్టిక్కరు వల్ల ఫ్రిజ్జి పాడైపోదు గానీ జిగురు నిలవదు, అదే లోపల ఫోమ్ ఉండే మందపాటి షీటు అంటిస్తే మాత్రం వేడి బయటకి పోక కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు మీదే. కాబట్టి రోలు కొనకముందే ఓ పని చెయ్యండి, ఫ్రిజ్జి ఓ గంట నడిచాక రెండు పక్కలా, పైనా, తలుపు తీసి చుట్టూ ఉన్న ఫ్రేము మీదా అరచెయ్యి ఆనించి చూడండి. ఆ ఫ్రేము లోపల కూడా కొన్నిటికి వేడి గొట్టం ఉంటుంది, చెమట పట్టకుండా. వెచ్చగా తగిలిన చోట ఏదీ అంటించొద్దు. నా మాట వింటే తలుపు ఒక్కటి చెయ్యండి చాలు, వచ్చినవాళ్ళకి కనపడేది అదే.

రెండోది, ఫ్రిజ్జి కడిగే పని. స్టిక్కరు ముందు ఎలాగూ శుభ్రం చెయ్యాలి కదా అని ఫ్రీజరులో గడ్డకట్టిన ఐసు కూడా తీసేద్దామనుకుంటాం. శ్రీకాకుళంలో మా అప్ప "ఏటే, చాకుతో రెండు పోట్లు పొడిస్తే ఊడొచ్చేస్తాది, దానికి పూటంతా కూచోవాలా" అని పొడిచింది, సుయ్యిమని ఒక చప్పుడు, అంతే, ఫ్రిజ్జిని చల్లబరిచే గ్యాసంతా పోయింది. ఆ ఫ్రీజరు పెట్టె అల్యూమినియం రేకు, దాని గోడల్లోనే గ్యాసు దారులుంటాయి, చాకు మొన చాలు. చిల్లుపడ్డ రేకు మళ్ళీ నమ్మకంగా అతకదు, అందరూ ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇంకో సంగతి, ఫ్రిజ్జి వెనకాల లేబుల్ మీద ఆర్600ఎ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మండే గ్యాసు, వంట గ్యాసుకి వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది, దీనికి అలా కలపరు. ఆర్134ఎ అని ఉంటే అది అలా మండేది కాదు, అయినా గ్యాసు ఏదైనా సరే, ఫ్రీజరు దగ్గరకి చాకు, స్క్రూడ్రైవరు రానివ్వకండి. ముందురోజు రాత్రే స్విచ్చి ఆపి, తలుపు తెరిచి, కింద పాత బట్టలు పరిచి వదిలెయ్యండి, అదే కరిగిపోద్ది.

స్విచ్చి ఆపడం అంటే ప్లగ్గు పూర్తిగా పీకెయ్యడం అని అర్థం చేసుకోండి. ఎప్పుడైనా తడిచేత్తో ఫ్రిజ్జి హ్యాండిల్ పట్టుకుంటే జివ్వుమన్నట్టు అనిపించిందా, అయితే స్టిక్కరు సంగతి పక్కనపెట్టి ముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి, మన పాత పెంకుటిళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ మూడోదానికి వైరే ఉండదు చాలాచోట్ల. ఆ షాకు వినైల్ కింద దాక్కుంటుంది తప్ప పోదు. అలాగే పొయ్యి వెనక గోడకి జిడ్డు అంటకుండా వేసే వెండిరంగు రోలు ఉంటుంది చూడండి, చాలావరకు అది అల్యూమినియం ఫాయిల్, కరెంటు పారుతుంది, స్టీలు స్టిక్కరు అనుకొని అదే తెచ్చి ప్లగ్గు, స్విచ్చిబోర్డు పక్కల దాకా అంటించేవాళ్ళున్నారు, దయచేసి వద్దు.

ఇంక వాతావరణం. మన దగ్గర దసరా రోజులంటేనే భయం, 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న, రెండూ ఈ రోజుల్లోనే వచ్చాయి. తుఫాను రాకపోయినా ముసురు పట్టి గోడలు చెమర్చుతూ ఉంటాయి, ఆ తేమలో స్ప్రే కొడితే పెయింటు మెరుపు పోయి తెల్లగా పాలిపోతుంది, స్టిక్కరు కింద చెమ్మ చిక్కుకుంటే అంచులు లేస్తాయి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళల్లో అయితే ఉప్పుగాలికి ఫ్రిజ్జి కింది అంచు ఎప్పుడో తుప్పు పట్టి ఉంటుంది, తుప్పు మీద స్టిక్కరు వేస్తే అది లోపల్లోపల పాకుతూనే ఉంటుంది, ముందు నీళ్ళకాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, తడిపి గీకి, ఆరబెట్టి, ప్రైమరు వేసి అప్పుడు అంటించండి. పొడిగా గీకొద్దు, పాత పెయింటులో సీసం ఉండొచ్చు, మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న రూలు 2017 నవంబర్ నించే అమల్లోకి వచ్చింది, మీ ఫ్రిజ్జి అంతకంటే పాతదైతే దానికి ఎప్పుడు ఏ రంగు కొట్టారో ఎవరికి తెలుసు, గుంటలు, అదే చిన్నపిల్లలు, ఇంట్లో ఉంటే ఆ దుమ్ము అసలు లేవనివ్వకూడదు. వీలైతే సంక్రాంతి ముందు ఎండ కాసే రోజులకి వాయిదా వెయ్యండి. పండగకే కావాలంటే మబ్బు లేని రోజు చూసి పొద్దున్న పదింటికి మొదలెట్టండి.

అంటించేటప్పుడు తొందర వద్దు. తలుపు వెడల్పు కొలుచుకొని వెళ్ళండి, 45 సెంటీమీటర్ల రోలు తెస్తే మధ్యలో అతుకు వస్తుంది, 60ది అయితే సింగిల్ డోరుకి మామూలుగా సరిపోతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో జిడ్డు పోయేదాకా కడిగి, ఆరాక స్పిరిటుతో తుడవండి, స్పిరిటు కూడా మండేదే, అప్పుడు పొయ్యి ఆపి రెగ్యులేటరు కూడా ఆఫ్ చేసి ఉంచాలి, వంటింట్లోనే దేవుడి అలమారా ఉన్నవాళ్ళు దీపం కొండెక్కాక మొదలెట్టండి. చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి షీటు కోసుకోండి. వెనక కాగితం మొత్తం ఒక్కసారి లాగేస్తే షీటు దానికదే అంటుకుపోద్ది, జానెడు జానెడు లాగుతూ, తలుపు మీద రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్ళు చిలకరించి, పాత ఏటీఎం కార్డుకి మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నించి పక్కలకి నొక్కుకుంటూ రండి. బుడగ మిగిలితే సూదితో చిన్న పోటు పొడిచి నొక్కితే చాలు. బ్లేడుతో అంచు కోసేటప్పుడు తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్టు మీద ఆనించొద్దు, అది తెగితే చల్లదనం అంతా బయటకే, అంటించాక ఓ పదిరూపాయల నోటు తలుపులో పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తే ఎక్కడో షీటు గాస్కెట్టు కిందకి వెళ్ళిందని, లేదా గాస్కెట్టే వదులైందని అర్థం. మోడల్ నెంబరు లేబులు, స్టార్ రేటింగ్ లేబులు కప్పెయ్యకండి, రిపేరుకొచ్చినాయన మొదట అడిగేది మోడల్ నెంబరే.

స్ప్రే కొట్టాలనుకునేవాళ్ళు ఫ్రిజ్జిని వంటింట్లో ఉంచి కొట్టొద్దు, ఆ డబ్బాలో రంగుని బయటకి తోసేది చాలావాటిల్లో ఎల్పీజీ లాంటి మండే గ్యాసే. తలుపు ఊడదీయించి డాబా మీదకి తీసుకెళ్ళండి, గాస్కెట్టుకి టేపు వెయ్యండి, జానెడు దూరం నించి పల్చగా రెండు మూడు సార్లు కొట్టండి. మొహానికి కట్టుకున్న కర్చీఫ్ రంగు తుంపర్లనే ఆపుతుంది, ఆవిరిని ఆపదు, అందుకని గాలికి ఎదురుగా నిలబడొద్దు, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళూ ఆయాసం ఉన్నవాళ్ళూ ఆ రోజు ఆ దరిదాపులకి రాకూడదు. వాసన పూర్తిగా పోయాకే తలుపు బిగించి కూరగాయలు లోపల పెట్టండి. మిగిలిన డబ్బా ఎండలోనూ పొయ్యి గట్టు కిందా పెట్టొద్దు.

మిగతా సామాన్ల మాటకొస్తే గ్యాసు పొయ్యి, రైస్ కుక్కరు, టోస్టరు, ఓవెను, చిమ్నీ వీటికి వినైల్ అసలు వద్దు, ఆ ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, అంటుకుంటే వచ్చే పొగ గొంతుని కోసేస్తుంది. మిక్సీకి, గ్రైండరుకి వెయ్యొచ్చు, కింద గాలి రంధ్రాలు మూసుకోకుండా చూసుకోండి. మైక్రోవేవుకి పక్కన చిల్లులున్న వైపు వదిలేసి పైన వేసుకోండి, లోపల రంగు వెయ్యొద్దు, బాడీ స్క్రూలు మాత్రం తియ్యకండి, ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత కరెంటు నిలవుండొచ్చు.

పని మధ్యలో వంట గ్యాసు వాసన వస్తే స్విచ్చిలు ఏవీ ముట్టుకోకుండా కిటికీలు తీసి బయటకొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి.

మొత్తం అంటించే ముందు అరచేతంత ముక్క తలుపు కింది మూలన వేసి వారం రోజులు వదిలి చూడండి, నేను ఈసారి అలాగే చేశాను, వారమైనా అంచు లేవలేదు, గోటితో గీకినా కదల్లేదు, అప్పుడే మిగతా షీటు కోశాను. అంటించాక మురికైతే పీచు, పౌడరు పెట్టి రుద్దకుండా తడిగుడ్డతో తుడిస్తే చాలు.