భోగికి పాత సామాను తీసేస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

సంక్రాంతి నెల వచ్చిందంటే మా ఇంట్లో అందరి కళ్లూ పాత సామాను మీదే. కాలు విరిగిన కుర్చీ, చెదలు పట్టిన స్టూలు, ఎవరూ కూర్చోని సోఫా, ఏది కనిపించినా "భోగి మంటలో వేసేద్దాం" అనేస్తాం. ఆ పని భోగి ముందు రాత్రికి పెట్టుకోకండి. వారం ముందే, పట్టపగలు మొదలుపెట్టండి.

సొరుగులు పూర్తిగా బయటికి లాగి, అడుగున పరిచిన పేపరు కూడా ఎత్తి చూడాలి. మా పాత టేబుల్ సొరుగులో, పసుపు రంగుకి తిరిగిన పేపరు కింద నాన్నగారి ఎల్‌ఐసీ బాండు దొరికింది. అప్పటికే టేబుల్ అరుగు మీదికి వెళ్లిపోయింది! కొన్ని బీరువాల లాకర్‌లో రహస్యపు అర ఉంటుంది. అది ఎలా తెరుచుకుంటుందో పెద్దవాళ్లని అడగండి.

గోడకి ఆనించిన చెక్కల వెనక నేరుగా చెయ్యి పెట్టొద్దు. తేళ్లు, జెర్రులు ఉండే చోటు అదే. ముందు కర్రతో తట్టండి, బూట్లు వేసుకోండి. పిల్లల్ని తేలు కుడితే మంత్రం, పసరు అంటూ ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బీరువా కదిపేటప్పుడు తలుపులకి తాళం వేసి, చుట్టూ తాడు కట్టండి. మధ్యలో తలుపు తెరుచుకుంటే వేళ్లు నలుగుతాయి. మెట్ల మీద బరువంతా కింది మెట్టు మీదున్న మనిషి మీదే పడుతుంది, నడుంనొప్పి ఉన్నవాళ్లని అక్కడ నిలబెట్టకండి.

ఇక మంట. రంగు, పాలిష్ లేని గట్టి కర్ర మాత్రమే అందులోకి వెళ్లాలి. ప్లైవుడ్‌లో, సన్‌మైకా అంటించిన చెక్కలో జిగురు ఉంటుంది, కాలిస్తే ఫార్మాల్డిహైడ్ లాంటి ఘాటు వాయువులు వస్తాయి. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చు. అన్నిటికన్నా ప్రమాదం సోఫా. అందులోని ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు కూడా వస్తుంది. రెక్సిన్ పొగ గొంతునీ కళ్లనీ మండిస్తుంది. ఉబ్బసం ఉన్న తాతగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ మంట కాచుకోవడం ఎందుకు? చెత్తబండి వాళ్లు సోఫా ఎక్కించుకోకపోతే మున్సిపాలిటీకి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

టేకు మంచం కోళ్లు, పట్టెలు ఉంటే వడ్రంగికి చూపించండి. దాన్ని కాల్చడం నాకైతే ప్రాణం ఒప్పదు. అరుగు మీద కూడా వదలొద్దు, భోగి ముందు రాత్రి వీధి పిల్లల చేతికి మంచి కుర్చీ దొరికినా తెల్లారేసరికి బూడిదే.

ఎవరికైనా ఇచ్చేటట్టయితే మంచం సందుల్లో నల్లులు ఉన్నాయేమో చూసి ఇవ్వండి. ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు "మిలిటరీలో పనిచేస్తున్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి కోడ్ స్కాన్ చేయడం, యూపీఐ పిన్ కొట్టడం అక్కర్లేదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మంట కరెంటు తీగల కింద వేయొద్దు, పెట్రోలు పోయొద్దు, బకెట్ నీళ్లు దగ్గరుంచుకోండి. కుర్చీలకి కొట్టిన మేకులు కాలవు, బూడిదలోనే ఉండిపోతాయి. మర్నాడు ముగ్గు వేయడానికి చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి, చల్లారాక ఆ చోటంతా అయస్కాంతంతో ఒకసారి వెతకండి.