"ఆడా మగా సమానమేనా?" అని మాత్రం అడగకండి

యూరప్‌లో ఫార్ రైట్ (వలసలను గట్టిగా వ్యతిరేకించే తీవ్ర జాతీయవాద) పార్టీల వైపు కుర్రాళ్లు ఎందుకు మొగ్గుతున్నారో చదివి, ఇక్కడ హైదరాబాద్‌లో ఆడా మగా సమానత్వం మీద అభిప్రాయాలకీ ఓటుకీ ఉన్న సంబంధం గురించి ఓ చిన్న సర్వే చేద్దామనుకునే స్టూడెంట్స్ కోసం ఇది రాస్తున్నా.

మొదటి ప్రశ్నే చాలామంది తప్పు వేస్తారు. "సమానమేనా?" అంటే ఎవరైనా అవుననే అంటారు. దాని వెనక రెండు రకాల వ్యతిరేకత దాగుతుంది: "ఆడది ఇంటిపట్టునే ఉండాలి" అనే పాత మాట ఒకటి, "వివక్ష ఎప్పుడో పోయింది, ఇప్పుడు నష్టపోతున్నది మగాళ్లే" అనే అక్కసు ఇంకొకటి. మీరు పట్టుకోవాల్సింది ఈ రెండోదాన్ని. స్పెయిన్‌లో ఫార్ రైట్ పార్టీ వోక్స్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే, మహిళలపై హింసకు వ్యతిరేకంగా 2004లో తెచ్చిన చట్టం మగవాళ్లకు అన్యాయం చేస్తోందంటూ.

మన దగ్గర దీనికి సిటీ బస్సు ఉంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి మొదలైనప్పటి నుంచి కండక్టర్ ఆడవాళ్లకు జీరో టికెట్ కొడుతుంటే, పక్కన రాడ్ పట్టుకుని వేలాడుతున్నాయన "డబ్బులిచ్చిన మేం నిలబడాలా?" అంటాడు. అక్కడితో రాసేసుకోకండి, ఇంకొక్కటి అడగండి: మరేం చేస్తే బాగుంటుంది సార్? "బస్సులు పెంచాలి" అంటే అది రష్ బాధ, న్యాయమైన బాధ. "ఇప్పుడన్నీ వాళ్లకేగా" అంటే మీకు కావాల్సిన జవాబు అదే. అయినా ఆ ఒక్క మాటకే ఆయనకి ఏదో పార్టీ ముద్ర వేసేయకండి, అది చాలా తప్పు.

ఇంట్లో అడిగితే ఒక్కొక్కరినీ విడిగా అడగండి, మామగారు హాల్లో కూర్చుంటే కోడలు మనసులో మాట చెప్పదు. పార్టీ పేరు చివర్లోనే ఎత్తండి.

ఇక లెక్క తీసేటప్పుడు తొందరపడొద్దు. యూరప్‌లో ఆ పార్టీల ఓటు వెనక అన్నిటికంటే బలంగా కనిపించేది వలసల మీద వ్యతిరేకత, అందుకని వలసల గురించి ఒకేలా ఆలోచించేవాళ్లలో ఈ అక్కసు ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఎటు ఓటేశారో పోల్చాలి. వయసు, చదువు కూడా అంతే. పైగా నెదర్లాండ్స్‌లో ఫార్ రైట్ నాయకుడు విల్డర్స్ లాంటివాళ్లు ముస్లింలను వేలెత్తి చూపడానికి స్త్రీల హక్కుల మాటే వాడతారు, ఇటలీలో 2022లో ప్రధాని అయిన ఫార్ రైట్ నేత మెలోనీ స్వయంగా మహిళే. కాబట్టి సమానత్వానికి "అవును" అన్నవాళ్లంతా అటు ఓటెయ్యరని రాయొద్దు, "ఎవరి సమానత్వం?" అని ఇంకో ప్రశ్న కలపండి.