పెద్దవారు రాత్రిపూట మంచం దిగేటప్పుడు

ఇంట్లో వయసు మళ్ళినవారు ఉంటే, వారు రాత్రివేళ మూత్రవిసర్జనకు లేచే తీరును ఒకసారి దగ్గరుండి గమనించండి. పడుకున్నవారు ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. వయసులో ఉన్నవారి శరీరం దానిని క్షణాల్లో సర్దుకుంటుంది గానీ, పెద్దవారిలో, ముఖ్యంగా రక్తపోటుకు మందులు వాడేవారిలో, ఆ సర్దుబాటు ఆలస్యమై కళ్ళు తిరగవచ్చు. అందువల్ల మెలకువ రాగానే పక్కకు ఒత్తిగిలి, మోచేతిని ఊతగా చేసుకొని లేచి, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చొని, మడమలను నేలకు ఆనించి పాదాలను పది పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించాకే నిలబడటం అలవాటు చేయించాలి. నిలబడ్డాక కూడా మంచం పట్టెను పట్టుకొని కాసేపు ఆగమనండి. మంచం ఎత్తు కూడా ముఖ్యమే: మా అమ్మగారు మునివేళ్ళ మీద దిగుతున్నారని నేను చాలా ఆలస్యంగా చూశాను, కూర్చున్నప్పుడు అరికాలు మొత్తం నేలను తాకాలి. దారిలో చిన్న దీపం ఉంచండి. అయినా కళ్ళు తిరుగుతుంటే, పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన 3 నిమిషాలలోపు మరోసారి రక్తపోటు చూసి రాసుకోండి. పై అంకె 20 లేదా అంతకు మించి తగ్గితే, మందులను సొంతంగా ఆపకుండా, ఆ అంకెలను వైద్యునికి చూపించండి.