డాస్ బీబీఎస్‌లో డోర్ గేమ్ నడవాలంటే ఏ ఫైళ్లు కావాలి

బీబీఎస్ అంటే మోడెమ్‌తో ఫోన్ చేసి చేరే బులెటిన్ బోర్డు కంప్యూటర్; డోర్ గేమ్ అంటే ఫోన్ చేసినవారు (కాలర్) దాన్నుంచి ఆడే విడి ప్రోగ్రామ్. ముందు ఫాసిల్ డ్రైవర్ (మోడెమ్ ఉన్న పోర్టుతో గేమ్ మాట్లాడేందుకు తోడ్పడే ప్రోగ్రామ్) ఎక్కాలి: ఎక్స్00.సిస్ అయితే కాన్ఫిగ్.సిస్‌లో, బీఎన్‌యూ.కామ్ అయితే ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో (ఈ రెండూ డాస్ మొదలయ్యేటప్పుడు చదివే ఫైళ్లు).

తంటా అంతా డోర్.సిస్‌తోనే. కాలర్ గేమ్ ఎంచుకోగానే బీబీఎస్ రాసి గేమ్‌కు అప్పగించే 52 లైన్ల టెక్స్ట్ ఫైలిది. 1వ లైనులో పోర్టు, 2లో బాడ్ రేటు (మోడెమ్ వేగం), 10లో కాలర్ పేరు, 19లో మిగిలిన నిమిషాలు. మీ స్క్రీన్ మీద గేమ్ కనిపిస్తూ కాలర్‌కు ఏమీ వెళ్లకపోతే, 1వ లైనులో కామ్0: పడిందేమో చూడండి, దానర్థం లోకల్, అంటే గేమ్ మీ కంప్యూటర్ మీదే నడుస్తోందని. రెండు నోడ్లుంటే (ఒకేసారి ఇద్దరు కాలర్లు చేరే లైన్లు) దేని డైరెక్టరీ దానికే ఇవ్వండి. లేదంటే ఒకరి డోర్.సిస్ మీద ఇంకొకరిది పడి, ఒకరి పేరుతో మరొకరు ఆడేస్తారు. ఒకే ఫైలును ఇద్దరూ వాడేటప్పుడు గొడవ రాకుండా చూసే డాస్ ప్రోగ్రామ్ షేర్.ఎగ్జీ కూడా లోడ్ చేయాలి.

డౌన్‌లోడ్‌కు పెట్టే జిప్‌లో ఫైల్_ఐడీ.డిజ్ (అందులో ఏముందో చెప్పే చిన్న వివరణ ఫైలు) తప్పక ఉంచండి: 10 లైన్లలోపు, లైనుకు 45 అక్షరాలు మించకుండా.