క్విల్టింగ్‌కి ఎంత ఖర్చుపెట్టాలి, ఇంట్లో ఏమని చెప్పాలి

క్విల్టింగ్, అంటే బట్ట ముక్కలు అతికి పొరలుగా దుప్పట్లు (క్విల్ట్‌లు) కుట్టడం, మొదలుపెట్టాక ఏడాది తిరక్కుండానే బీరువా నిండిపోతుంది, తీరా చూస్తే కుట్టినవి రెండే ఉంటాయి, మిగతాదంతా కొని మడతపెట్టిన బట్టే. అప్పుడు ఇంట్లో వాళ్ళు "ఇంత డబ్బు దీనికా" అని అడిగితే చెప్పడానికి నోరు రాదు. నాకూ రాలేదు. ఆ తర్వాత నేను పట్టుకున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నా, నాకు బాగా పనిచేసింది.

ముందు "కొనేదానికంటే కుట్టుకుంటే చవక" అని చెప్పడం మానేయండి. అది నిజం కాదు. పైన ముక్కల పొర, మధ్యలో బ్యాటింగ్ అనే దూదిలాంటి పొర, అడుగున బ్యాకింగ్ బట్ట, చుట్టూ అంచుకి బైండింగ్ పట్టీ, ఇవన్నీ కొంటే షాపులో రెడీగా దొరికే దుప్పటి కంటే చాలాసార్లు ఎక్కువే అవుతుంది. ఒకసారి ఆ మాట చెప్పి దొరికిపోయామంటే తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. చవకని కాదు, ఇది నాకిష్టమైన పని అని చెప్పండి, ఆ ఇష్టానికి లెక్క కూడా చూపించండి. సోఫా మీద కప్పుకునే సైజు క్విల్ట్ ఒకటి నాకు దాదాపు 40 గంటలు పడుతుంది. దానికైన మొత్తం ఖర్చుని 40తో భాగిస్తే గంటకి ఎంతో వస్తుంది కదా, ఆ అంకె పక్కన బయటికెళ్ళి సరదాగా గడిపిన ఒక సాయంత్రం గంటకి ఎంతైందో రాసుకోండి. నేను రాసి చూపించాక మావారు మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. పైగా ఇక్కడ చివర్లో చేతిలో ఒక క్విల్ట్ మిగులుతుంది.

అయితే ఈ లెక్క కుట్టిన బట్టకే చెల్లుతుంది. బీరువాలో కూర్చున్న బట్టకి గంటలు లేవు, కాబట్టి దాన్ని సమర్థించుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని ఒక నోట్‌బుక్‌లో రెండు వరుసలు గీయండి, ఒకటి ఇంట్లోకొచ్చిన మీటర్లు, ఇంకోటి క్విల్ట్‌లోకి వెళ్ళిన మీటర్లు. ప్రతి బట్టకీ మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి పక్కన అంటించండి. ఫోన్‌లో ఫోటో అయినా పర్వాలేదు గానీ రంగు సరిగ్గా రాదు. నేను ఒకప్పుడు సంచి దాచిపెట్టి తెచ్చేదాన్ని, అలా దాచడం వల్లే చిన్న తెల్లపూలున్న ఒకే నీలం ప్రింట్ రెండుసార్లు కొన్నా. నోట్‌బుక్ మొదలుపెట్టాక అలాంటిది మళ్ళీ జరగలేదు, దాయాల్సిన పనీ లేకుండా పోయింది.

ఇక అసలు డబ్బు మిగిలేది బ్యాకింగ్ దగ్గర, దీన్ని మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి. క్విల్ట్ 60 అంగుళాల వెడల్పు, 72 పొడవు అనుకుందాం. బ్యాకింగ్ నాలుగువైపులా 4 అంగుళాలు ఎక్కువుండాలి, అంటే 68 x 80. బట్ట పన్నా 44 అని రాసున్నా గట్టి అంచులు తీసేస్తే వాడుకోడానికి 41 అనుకోండి. మామూలుగా అందరం 80 అంగుళాల ముక్కలు రెండు తీసుకుని నిలువుగా అతికేస్తాం, మొత్తం 160 అంగుళాలు. అలా కాకుండా 68 అంగుళాల ముక్కలు రెండు తీసుకుని అడ్డంగా అతకండి, రెండు పన్నాలు కలిపి 82, కుట్టుకి ఒక అంగుళం పోయినా 81, మనకి కావాల్సింది 80. మొత్తం 136 అంగుళాలే, 24 మిగిలాయి. ఇప్పుడు బైండింగ్ చూడండి, చుట్టుకొలత 264, మూలలకీ అతుకులకీ ఇంకో 10, అంటే రెండున్నర అంగుళాల పట్టీలు 7 చాలు, వాటికి పట్టే బట్ట పదిహేడున్నర అంగుళాలే. బ్యాకింగ్ అతుకు తిప్పడం వల్ల మిగిలినదాంట్లోనే బైండింగ్ మొత్తం వచ్చేసింది! కాయితం మీద ఐదు నిమిషాల పని. డిజైన్‌కి నిలువు దిక్కు ఉంటే మాత్రం కుదరదు, పువ్వులు పక్కకి పడుకున్నట్టుంటాయి.

కట్ చేసి అమ్మే ప్యాక్‌లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, ధర కూడా చిన్నగా కనిపిస్తుంది, కానీ గజం లెక్కలోకి మార్చి చూడండి. ఫ్యాట్ క్వార్టర్ అంటే 18 x 22 అంగుళాలు, నాలుగైతే ఒక గజం, కాబట్టి ధరని నాలుగుతో గుణించండి. 5 అంగుళాల చదరాల ప్యాక్‌లో సాధారణంగా 42 ముక్కలుంటాయి, మొత్తం 1050 చదరపు అంగుళాలు, గజంలో మూడింట రెండు వంతులన్నమాట. రకరకాల ప్రింట్లు కావాలంటే అవి కొనడంలో తప్పులేదు, ఒకే రంగు కావాలంటే గజాల్లో కొనడమే నయం.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి: దారం, సూది, రోటరీ కట్టర్ (చక్రంలా తిరుగుతూ బట్ట కోసేది) బ్లేడ్. నాసిరకం దారం మిషన్ నిండా నూగు రాల్చి మధ్యలో తెగుతుంది, 40 గంటల పనిని అంత చిన్న ఖర్చు కోసం పాడుచేసుకోవద్దు. క్విల్ట్‌కో కొత్త సూది పెట్టండి. బ్లేడ్ మాత్రం పారేసే ముందు ఒకసారి విప్పి దానికింద ఇరుక్కున్న నూగు తుడిచి ఒక చుక్క మిషన్ నూనె వేసి చూడండి, చాలాసార్లు మళ్ళీ బాగా కోస్తుంది. కోసేటప్పుడు బట్ట కింద పరిచే కటింగ్ మ్యాట్ ఎండలో పెట్టకండి, వంగిందంటే మళ్ళీ చక్కబడటం కష్టం.

బ్యాటింగ్ ముక్కలు పారేయకండి, అంచులు పక్కపక్కన ఆనించి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా, వెడల్పు జిగ్‌జాగ్‌తో కుట్టేస్తే పిల్లల సైజుకి సరిపోతుంది. పాత చొక్కాలు కూడా మంచి బట్టే. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే ఊళ్ళో ఆడవాళ్ళు అరిగిపోయిన పని బట్టలతో కుట్టిన క్విల్ట్‌లని 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. ఖరీదైన బట్ట ఉంటేనే అందం వస్తుందనుకునేవాళ్ళు ఆ ఫోటోలు ఒక్కసారి చూడాలి.

కొత్త బట్ట కొనాలనిపించిన రోజు ముందుగా సగంలో ఆగిన క్విల్ట్‌లన్నీ బయటికి తీసి మంచం మీద పరవండి. బైండింగ్ ఒక్కటే మిగిలినవి ముందు పూర్తిచేయండి, వాటికి డబ్బంతా ఎప్పుడో పెట్టేశాం, ఇంకో రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు. తర్వాత పైపొర కుట్టి ఆపేసినవి. నేను పోయిన నెల అలా పరిచి చూస్తే నాలుగు తేలాయి, మూడింటికి బైండింగ్ పట్టీలు కూడా కత్తిరించి చుట్టే ఉన్నాయి.