8×4 ప్లైవుడ్ బల్ల మీద హెచ్‌ఓ రైలు: పట్టా నుంచి కంకర దాకా

మోడల్ రైలు మొదలుపెట్టేవాళ్లు ముందుగా ఇంజన్ కొంటారు. చూడముచ్చటగా ఉండేది అదే కాబట్టి తప్పేం లేదు. పట్టా పరిచేటప్పుడు తొందరపడితే మాత్రం ఎంత మంచి ఇంజనైనా ఆగి ఆగి నడుస్తుంది, పాయింట్ (ఒక లైను రెండుగా చీలే చోటు) దగ్గర పట్టా దిగిపోతుంది. నింద ఇంజన్ మీద పడుతుంది. తప్పు మాత్రం చాలాసార్లు పట్టాలోనో, దాని కింది తీగలోనో, అంతకన్నా కింద బల్లలోనో ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాట పట్టా గురించే.

ముందు స్కేలు సంగతి. హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజ్‌కు కుదిరిన లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. కాబట్టి 87తో భాగిస్తే 19.26 వస్తుంది. హెచ్‌ఓ పట్టా మీద పెట్టిన మన పెట్టెను ఎదురుగా చూస్తే చక్రాలు కాస్త లోపలికి ముడుచుకున్నట్టు ఉంటాయి. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు. కచ్చితంగా 19.26 కావాలంటే పట్టా, పాయింట్లు, ఇరుసులు అన్నీ చేత్తో చేసుకోవాలి. మొదటి లేఅవుట్‌కు ఆ పని నెత్తికెత్తుకోవద్దు, 16.5తో వెళ్లండి. నారోగేజ్ ఇష్టపడేవాళ్లకు ఒక సదుపాయం ఉంది. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది కాబట్టి హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ స్కేలు వాళ్ల 9 మి.మీ. పట్టా దాదాపు అతికినట్టు సరిపోతుంది. నౌపడా నుంచి గుణుపురం వెళ్లిన పాత పర్లాకిమిడి లైట్ రైల్వే లాంటిది చేయాలనుకుంటే ఇదే దారి. ఎన్ స్కేలు స్లీపర్లు (పట్టాల కింది అడ్డదిమ్మలు) మరీ చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటిని మాత్రం మార్చుకోవాలి.

బల్ల

దుకాణంలో దొరికే ప్లైవుడ్ షీటే 8×4 అడుగులు. 12 మి.మీ. మందం, నీటికి తట్టుకునే బీడబ్ల్యూపీ రకం తీసుకోండి. చెద, తేమ రెండింటి దృష్ట్యా ఆ ఖర్చు అవసరమే. కింద 2×1 అంగుళాల రీపర్లను 2 అంగుళాల వైపు నిలువుగా ఉండేలా చట్రం కట్టి, 16 అంగుళాలకొక అడ్డకర్ర వేయించండి. చట్రం బిగించే ముందే ట్రాక్ ప్లాన్‌ను ప్లైవుడ్ మీద అసలు కొలతలతో పెన్సిల్‌తో గీయాలి. పాయింట్‌ను కదిపే మోటార్ రావాల్సిన చోట కిందినుంచి అడ్డకర్ర ఎదురైతే మళ్లీ కోయాల్సిందే.

ప్రైమర్ పైన, కింద, అంచులకు కూడా వేయండి. పైవైపే రంగు వేసి వదిలేస్తే వానాకాలంలో కిందివైపు తేమ పీల్చి ఉబ్బుతుంది, బల్ల పడవలా వంగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఒక్క సీజన్‌లోనే కనిపిస్తుంది. చెయ్యి సుఖంగా అందేది రెండున్నర అడుగుల వరకే కాబట్టి 4 అడుగుల బల్లను గోడకు ఆనించవద్దు. తప్పకపోతే కాళ్లకు చక్రాలు పెట్టించండి.

వంపు ఎంత ఉండాలి

ఇక్కడ లెక్క వేయకుండా ముందుకు వెళ్లవద్దు. మన రైళ్ల పాత రకం ఐసీఎఫ్ పెట్టె బాడీ పొడవు 21.337 మీటర్లు, హెచ్‌ఓలో 245 మి.మీ. కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.54 మీటర్లు, అంటే 270 మి.మీ. వంపు వ్యాసార్ధం పెట్టె పొడవుకు కనీసం రెండింతలు ఉండాలన్నది పాత లెక్క, అలా ఐసీఎఫ్‌కు 490 కావాలి. డబ్బా సెట్లలో వచ్చే 360, 420 మి.మీ. వంపుల మీద ఈ పెట్టెలు నడిచినా, కొసలు బయటికి పొడుచుకొచ్చి బొమ్మ రైలులాగే ఉంటుంది.

4 అడుగుల వెడల్పులో, అంచు నుంచి 70 మి.మీ. వదిలితే, 540 మి.మీ. వ్యాసార్ధం పడుతుంది. రెండో లైను లోపల 480తో వేయొచ్చు. 490కి కాస్త తక్కువే, కానీ నడుస్తుంది. రెండు లైన్ల మధ్య దూరం 60 మి.మీ. వస్తుంది. కొత్త బ్రాడ్‌గేజ్ లైన్ల మధ్య 5.3 మీటర్లు ఉంటుంది, దాన్ని 87తో భాగించినా సుమారు 61 వస్తుంది. చూపుకు సరిపోయింది. మరి వంపులో పెట్టెలు రాసుకోవా?

జనం పెట్టెను బోగీ అంటారు గానీ, ఇక్కడ బోగీ అంటే కింది చక్రాల ఫ్రేమ్. ఐసీఎఫ్‌లో రెండు బోగీల నడుమ దూరం 14.783 మీటర్లు, హెచ్‌ఓలో 170 మి.మీ. బయటి లైను మీది పెట్టె నడుము లోపలికి వాలేది, ఆ 170ని వర్గం చేసి 540కి 8 రెట్లతో భాగిస్తే, 6.7 మి.మీ. లోపలి లైను మీది పెట్టె కొస బయటికి పొడిచేది సుమారు 8 మి.మీ. రెండు పెట్టెల సగం వెడల్పులు కలిపి 37. మొత్తం 52. ఉన్న చోటు 60, ఎనిమిది మిగిలాయి. ఎల్‌హెచ్‌బీకి ఇదే లెక్క వేస్తే 4 నుంచి 5 మి.మీ. మిగులుతుంది. సరిపోతుంది, కానీ పట్టా గీత తప్పి 3 మి.మీ. అటూ ఇటూ జరిగితే రాసుకుంటాయి. అందుకే పెన్సిల్ గీత కచ్చితంగా పడాలి. సన్నటి రీపరు ముక్కకు ఒక చివర మేకు, 540, 480 దగ్గర పెన్సిల్ దూరే రంధ్రాలు పెడితే మంచి కంపాస్ అవుతుంది.

నేరు భాగం ఒక్కో వైపు 1.2 మీటర్లు మిగులుతుంది. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ హెచ్‌ఓలో 197 మి.మీ. దాని వెనక నాలుగు ఐసీఎఫ్ పెట్టెలు పెడితే అక్కడికక్కడ నిండిపోతుంది. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఈ స్కేలులో 6 మీటర్లు దాటుతుంది. ఈ బల్ల మీద దాని కోసం ప్రయాసపడకుండా మూడు పెట్టెల ప్యాసింజర్, ఒక చిన్న గూడ్స్, ఒక సైడింగ్ (పెట్టెలు నిలిపే పక్క లైను) పెట్టుకుంటే స్టేషన్ నిజంగా స్టేషన్‌లా ఉంటుంది. ఎత్తుపల్లాలు కూడా వద్దు. ఒక లైను మీదుగా ఇంకొకటి వెళ్లాలంటే 75 మి.మీ. ఎత్తు కావాలి. 50కి 1 చొప్పున ఎక్కితే అది 3.75 మీటర్ల దూరం, దిగడానికి మళ్లీ అంతే. బయటి లైను మొత్తం పొడవే 5.8 మీటర్లు.

పట్టా పరచడం

914 మి.మీ. ఫ్లెక్సీ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే పట్టా) ముక్కలు బయటి లైనుకు 7, లోపలికి 6, సైడింగ్‌కు 2 తీసుకోండి. మధ్యరకం పాయింట్లు మూడు, ఒక్కోటి సుమారు 220 మి.మీ.: ఒక లైను నుంచి ఇంకోదానికి మారే క్రాస్ఓవర్‌కు రెండు, సైడింగ్‌కు ఒకటి. పట్టా కోడ్ 100 అంటే 2.54 మి.మీ. ఎత్తు, కోడ్ 83 అంటే 2.1. ఏది తీసుకున్నా లేఅవుట్ అంతా ఒకటే ఉండాలి. నికెల్ సిల్వర్ పట్టాలే అడగండి. అందులో వెండి ఉండదు, రాగి, జింకు, నికెల్ మిశ్రమం. స్టీలు పట్టాలు మన తేమకు తుప్పు పడతాయి.

గీత మీద 3 మి.మీ. కార్క్ షీటు పట్టీలు ఫెవికాల్‌తో అతికించి, ఆరాక పైభాగాన్ని ఎమరీ పేపర్ చుట్టిన చెక్కముక్కతో సమం చేయండి. ముందు పాయింట్లను వాటి చోట్లలో పెట్టి, తర్వాత వాటి మధ్య ఫ్లెక్సీ ట్రాక్ నింపుకురావాలి.

వంపులో జాయింటు పడితే రెండు ముక్కల కొసలూ తిన్నగా సాగాలని చూస్తాయి, అక్కడ మోచేయిలా కోణం ఏర్పడుతుంది. రైలు పట్టా తప్పేది సరిగ్గా అక్కడే. దీనికి మందు ఒకటే. రెండు ముక్కలనూ బల్ల మీద తిన్నగా ఉంచి జాయినర్ (పట్టా కొసలను కలిపే చిన్న లోహపు తొడుగు) వేసి టంకం పెట్టి, ఆ తర్వాత రెండింటినీ కలిపి ఒకటే కడ్డీలా వంచండి. వంచినప్పుడు లోపలి పట్టా కొస బయటికి జారుతుంది, దాన్ని సన్నటి రంపంతో కోసి, ఫైల్‌తో అంచు నున్నగా చేయండి. జాయినర్ దూరడానికి చివరి రెండు స్లీపర్ల క్లిప్పులు చెక్కాలి. ఆ స్లీపర్లను పారేయకుండా తర్వాత కింద దూర్చి అతికించండి.

నేరు భాగంలో మాత్రం టంకం పెట్టకుండా ఖాళీ వదలాలి. 30 డిగ్రీల తేడాకు మీటరు పట్టా అర మిల్లీమీటరు సాగుతుంది, కింది చెక్క తేమకు అంతకన్నా ఎక్కువే కదులుతుంది. డిసెంబరులో పరిస్తే జాయింటుకు పోస్టుకార్డు రెండు మడతల మందం ఖాళీ పెట్టండి. మే నెల మధ్యాహ్నం పరిస్తే ఒక మడత చాలు. డిసెంబరులో బిగదీసి పరిచిన లైను వేసవిలో పాములా మెలికలు తిరుగుతుంది.

కార్క్‌కు పట్టాను పల్చటి ఫెవికాల్‌తో అతికించి, ఇసుక నింపిన సీసాలు రాత్రంతా బరువు పెట్టండి. మేకులు కొడితే ఎక్కువ దిగిన మేకు స్లీపర్‌ను మధ్యలో నొక్కి వంచుతుంది, పట్టాలు లోపలికి వాలి గేజ్ తగ్గుతుంది. పాయింట్‌లో అటూ ఇటూ కదిలే నాలుక పట్టాల కింద మాత్రం జిగురు చుక్క కూడా ఉండకూడదు.

ఆరాక ఫోన్ కెమెరాను పట్టా ఎత్తులో పెట్టి లైను వెంబడి చూడండి. పైనుంచి కంటికి ఆనని వంకర ఆ కోణంలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జాయింటు మీద గోరుతో గీయండి. గోరు తగిలితే చక్రానికీ తగులుతుంది.

తీగలు

జాయినర్ పని రెండు పట్టాలను వరసలో పట్టుకోవడం, కరెంటు మోయడం కాదు. ఒక వానాకాలం గడిస్తే దాని లోపల పొర పడుతుంది, దూరం పోయేకొద్దీ రైలు నెమ్మదిస్తుంది. కాబట్టి టంకంతో కలిపిన ముక్కలైనా సరే, ప్రతి ముక్కకూ విడిగా రెండు తీగలు దించండి. బల్ల కింద ఇంటి వైరింగ్‌కు వాడే 1.5 చదరపు మి.మీ. మల్టీస్ట్రాండ్ తీగ ఎరుపు, నలుపు జత చుట్టూ తిప్పి, పట్టా నుంచి 0.5 చ.మి.మీ. తీగలను దానికి కలపండి. దిగే తీగ ఒక అడుగుకు మించకుండా చూసుకోండి.

రంగుల దగ్గర చాలామంది తప్పుతారు. 'నా వైపు పట్టా ఎరుపు' అని గుర్తు పెట్టుకుంటే బల్ల అవతలి వైపుకు వెళ్లేసరికి అది తలకిందులవుతుంది. ముందు వైపు మీకు దగ్గరగా ఉన్నది బయటి పట్టా, వెనక వైపు మీకు దగ్గరగా ఉన్నది లోపలి పట్టా. లైను చుట్టూ బయటి పట్టా ఎరుపు, లోపలి పట్టా నలుపు అనుకుంటే పొరపాటు రాదు.

టంకానికి 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి. చిన్నదైతే పట్టా వేడెక్కేలోపు స్లీపర్ కరుగుతుంది. పట్టా పక్కభాగాన్ని ఫైల్‌తో మెరిపించి, రోసిన్ ఫ్లక్స్ రాసి, తీగకు ముందే టంకం పూత పెట్టి, రెండు మూడు సెకన్లలో ముగించండి. ఇరువైపులా తడి దూది ముద్దలు పెడితే స్లీపర్లు బతుకుతాయి. యాసిడ్ ఫ్లక్స్ వాడితే నెలల తర్వాత అక్కడ పచ్చగా తుప్పు పట్టి తీగ ఊడిపోతుంది.

పాయింట్ మధ్యలో రెండు పట్టాలు కలిసే క్రాసింగ్ ముక్క లోహమైతే, దాని తర్వాతి రెండు లోపలి పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు వేయండి, లేకుంటే షార్ట్ అవుతుంది. ప్లాస్టిక్ క్రాసింగ్‌లో ఆ గొడవ లేదు గానీ చిన్న షంటింగ్ ఇంజన్లు దాని మీద ఆగిపోతాయి. ఆరు ఇరుసుల డీజిల్ దాటేస్తుంది.

రెండు రైళ్లు విడివిడిగా నడపాలంటే డీసీసీ (ఒక్కో ఇంజన్‌కు విడిగా ఆజ్ఞ పంపే డిజిటల్ కంట్రోల్) మేలు. డీసీసీలో అన్నిటికన్నా మంచి పరీక్ష రూపాయి బిళ్ళది. లైను మీద ప్రతి ముక్క దగ్గరా రెండు పట్టాలకూ బిళ్ళ ఆనించండి, కంట్రోలర్ వెంటనే కట్ అవ్వాలి. నిప్పురవ్వ వచ్చినా కట్ కాకపోతే అక్కడ తీగ చాలలేదన్నమాట. రేపు రైలు అక్కడ పడితే ఇంజన్ లోపల ఆ ఆజ్ఞలు అందుకునే డీకోడర్ కాలిపోవచ్చు.

కంకరకు ముందు పరీక్ష

కంకర పోశాక లోపం సరిదిద్దడం నరకం. అందుకే వారం రోజులు ఖాళీ పట్టా మీద నడపండి. ముందుకు లాగితే చాలా లోపాలు దాక్కుంటాయి. ఇంజన్‌ను వెనక పెట్టి పెట్టెలను నెడుతూ ప్రతి పాయింట్ మీదుగా రెండు దిశల్లోనూ పోనివ్వండి. ఒకే పెట్టె ఎక్కడైనా దిగిపోతుంటే తప్పు పెట్టెది, అన్ని పెట్టెలూ ఒకేచోట దిగితే పట్టాది.

పెట్టె తప్పయితే రెండు చూడాలి. చక్రాల వెనక ముఖాల మధ్య దూరం కాలిపర్‌తో సుమారు 14.4 మి.మీ. ఉండాలి. తక్కువైతే పాయింట్ దగ్గర చక్రాన్ని దారిలో ఉంచే గార్డు పట్టా ఎక్కుతుంది. రెండోది బరువు. అమెరికా మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ లెక్క ప్రకారం ఒక ఔన్సు, దాని మీద అంగుళానికి అర ఔన్సు. ఐసీఎఫ్ పెట్టెకు అది 165 గ్రాములు. తక్కువైతే ఇనుప వాషర్లు పెట్టె లోపలి నేల మీద, బోగీలకు దగ్గరగా అతికించండి. పైకప్పు కింద పెడితే వంపులో పెట్టె ఊగుతుంది.

కంకర

రైల్వే కంకర 65 మి.మీ. లోపు. 87తో భాగిస్తే ముప్పావు మిల్లీమీటరు. క్రషర్ దగ్గర దొరికే గ్రానైట్ పొడి దీనికి బ్రహ్మాండం, రంగు కూడా మన లైన్ల రంగే. కడిగి, ఎండబెట్టి, సన్న జల్లెడతో పొడి తీసేసి, టీ వడపోతలో దిగినదాన్ని వాడండి. తర్వాత కాగితం చుట్టిన అయస్కాంతం తప్పకుండా ఆ గుట్ట మీద తిప్పండి. అంటుకొచ్చే నల్లటి రేణువులు ఇంజన్ మోటారు అయస్కాంతం లోపలికి చేరితే మోటారు పోతుంది.

ముందే పట్టా పక్కభాగాలకు తుప్పు రంగు వేసి, కంకర చెంచాతో పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు తోయండి. పాత్రలు తోమే లిక్విడ్ చుక్క కలిపిన నీళ్లు సన్నగా చల్లి, ఒకటికి మూడు పాళ్లు నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను సిరంజితో చుక్కచుక్కగా దించండి. ముందు తడపకపోతే జిగురు పైన ముత్యాల్లా నిలబడి కంకరను లేపుకుపోతుంది. నాలుక పట్టాల దగ్గర కంకర పల్చగా, జిగురు దాదాపు లేకుండా చేసి, ఆరేవరకూ పది నిమిషాలకోసారి పాయింట్‌ను అటూ ఇటూ కదపండి.

ఇంజన్, పాత సరుకు

కొత్త ఇంజన్‌ను పెట్టెలు లేకుండా సగం వేగంతో ముందుకు అరగంట, వెనక్కి అరగంట నడిపాకే బరువు లాగించండి. నూనె సూదిమొనంత, ప్లాస్టిక్‌కు హాని చేయనిది వేయాలి. కొబ్బరినూనె వద్దు, చలికాలం ఉదయాన అది గేర్లలో పేరుకుంటుంది.

వాడిన ఇంజన్ కొంటుంటే పది నిమిషాలు నడిపించి చూడండి. లయగా టక్ టక్ మంటే ఇరుసు గేరు పగిలినట్టు. చాలా పాత పోత లోహపు ఛాసిస్ మీద వెంట్రుక పగుళ్లు, ఉబ్బు ఉంటే వదిలేయండి, కల్తీ జింకు పోత లోపల్నుంచే చిట్లుతుంది, దానికి వైద్యం లేదు. పాత డబ్బాలోని ఫోమ్ జిగటగా మారి రంగుకు అంటుకుంటుంది. ఇంజన్‌ను మెత్తటి కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.

పట్టా శుభ్రానికి ఎమరీ పేపర్ రుద్దవద్దు. గీతల్లో మురికి ఇంకా త్వరగా చేరుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చివరగా పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడవండి. కిటికీలు తెరిచి, కరెంటు తీసి, ఆవిరి పూర్తిగా పోయాకే స్విచ్ వేయండి. చక్రాలకు కూడా అంతే. పట్టా తుడిచి చక్రాలు వదిలేస్తే ఒక్క చుట్టులో మురికి మళ్లీ పట్టా మీదికి వచ్చేస్తుంది.